ర్యామ్ స్లాటులో అవ్వ కుంకుమ

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో ఒక సర్వీసు సెంటరుకి వెళ్ళి ఒళ్ళు మండి వచ్చాను. నా ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది, మెమరీ ఇంకాస్త వేయించుకుంటే ఇంకొన్నేళ్ళు లాక్కొస్తుందని నా అంచనా, అది తప్పు అంచనా ఏమీ కాదు, మన తరంలో కంప్యూటరు కడుపు ఎప్పుడైనా చూసినవాళ్ళు ఎవరైనా అదే అనుకుంటారు. చల్లటి గది, చేతికో టోకెను, మెత్తటి సోఫా, తాగడానికి నీళ్ళు, ఇన్ని మర్యాదలూ చేసి, చివరికి కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి, మాట వినగానే అనంతపురం వైపు పిల్లని తెలిసిపోయింది, నవ్వుతూ చెప్పింది.

"మెమరీ వేయడానికి స్లాటే లేదు మేడమ్. బోర్డు మీదే అతికించేసుంటారు. ఎక్స్‌చేంజ్‌లో కొత్తది చూపించమంటారా?"

స్లాటే లేదట! కిటికీ లేని ఇల్లు కట్టి, గాలి కావాలంటే ఇంకో ఇల్లు కొనుక్కోమన్నట్టు ఉంది. పోనీ వెనక మూత తీసి ఒకసారి చూపించమ్మా, ఇలాంటివి నా చేత్తో ఎన్ని విప్పానో అన్నాను. తీయకూడదంది. మరి తీసేది ఎవరమ్మా అంటే, ఇక్కడ ఎవరూ తీయరు, డబ్బాలో పెట్టి పంపిస్తామంది. ఎక్కడికి అంటే ఆ సంగతి తనకీ తెలియదంది. సర్వీసు సెంటరని ఇంతెత్తు అక్షరాలు రాసుకున్న చోట ఒక్క స్క్రూడ్రైవరు లేదు. డాక్టరు లేని ఆస్పత్రిలో చీటీలు రాసే గుమస్తాలు మాత్రం వరసగా కూర్చున్నట్టు, ఆ పొడవాటి కౌంటరు వెనక అందరూ చదువుకున్న పిల్లలే, అందరి ముందూ తెరలే, ఒక్కరి చేతికీ మసి లేదు.

ఇంటికొచ్చి ఈ గోడు మా అమ్మాయికి చెబితే, ఊరికే ఎందుకమ్మా అందరితో గొడవ అంది. ఊరికేనా? మా ఇంట్లో ఒక సొరుగు నిండా తీగలున్నాయి, అన్నిటి మూతీ ఒకటే, కోడిగుడ్డు నొక్కినట్టు చిన్న మూతి, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, అందుకని అందరూ దాన్ని పొగుడుతారు. దూరడం దూరుతుంది, కానీ ఒక తీగ ఛార్జింగు ఎక్కిస్తుంది, తెర మీద బొమ్మ చూపించదు. ఇంకోటి బొమ్మ చూపిస్తుంది, ఫోనులోంచి ఫోటోలు లాగాలంటే పొద్దుగూకుతుంది. మూడోది ఏం చేస్తుందో చేసినవాడికే తెలియాలి. మా రోజుల్లో ఆకారం చూస్తే పని తెలిసేది. ఇప్పుడు ఆకారం ఒక్కటే, పని మాత్రం గుప్తం. దీన్ని సులువు అంటారా? నేను దగా అంటాను.

మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, అప్పట్లో కంప్యూటరు డబ్బాని వెనక్కి తిప్పితే దానికి ఒక ముఖం ఉండేది. మానిటరుకి నీలం రంగు మూతి, మూడు వరసల కన్నాలు, ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి, తలకిందులుగా పెడదామన్నా ఒప్పుకునేది కాదు. ప్రింటరుకి దువ్వెనంత పొడుగాటిది, దాన్ని ప్యారలల్ పోర్టు అనేవాళ్ళం. దాని పక్కన పిన్నులు బయటికి పెట్టుకుని కూర్చునే పొట్టి సీరియల్ పోర్టు. కీబోర్డుకీ మౌసుకీ గుండ్రటి కన్నాలు, కవల పిల్లల్లా ఒకటే కొలత, వంగపండు రంగుది కీబోర్డుకి, ఆకుపచ్చది మౌసుకి, ఆ రంగు చూసుకోకుండా బల్ల కింద దూరి అటుది ఇటు పెట్టి, కంప్యూటరు చచ్చిపోయిందని ఫోను చేసిన పెద్దమనుషులు ఎంతమందో. మూత తీస్తే లోపల ఇంకో ఊరు. పొడుగాటి నల్ల స్లాటులు పాత కార్డులకి, పొట్టి తెల్లవి కొత్త కార్డులకి, కొంచెం వెనక్కి జరిగి ఒంటరిగా ఉండే గోధుమ రంగుది బొమ్మల కార్డుకి. మెమరీ స్లాటులకి రెండు చివర్లా చెవుల్లాంటి క్లిప్పులు. ఒక్కో దానికి ఒక్కో చోట గాటు, ఆ గాటు కుదిరితేనే లోపలికి రానిచ్చేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మర్యాదగా, మాట తూలకుండా చెప్పేవి ఆ స్లాటులు. మనుషులకి ఆ మర్యాద లేదన్న సంగతి నాకు తెలిసింది కూడా వాటి పక్కన నిలబడే.

డిగ్రీ అయ్యాక మా నాయన నన్ను తీసుకెళ్ళి చిన్నాయన షాపులో పెట్టాడు. చిన్నాయన అంటే మా నాయనకి పెద్దమ్మ కొడుకు, పాత బెంగళూరు పేటలో తాతల నాటి షాపు, ముందు రేడియో సామాన్లు అమ్మేవాడు, కాలం మారగానే కంప్యూటర్లు జోడించి అమ్మడం మొదలుపెట్టాడు. ముందు భాగంలో అద్దాల కౌంటరు, మధ్యలో చెక్క అడ్డు, దాని వెనక పొడుగాటి బల్ల. ఆ బల్ల దగ్గరే మెషీన్లు పుట్టేవి. నేను చదివింది ఎలక్ట్రానిక్సు. నా కళ్ళు మొదటి రోజు నుంచీ ఆ బల్ల మీదే. నన్ను కూర్చోబెట్టింది మాత్రం కౌంటరులో. ఫోను ఎత్తాలి, బిల్లు రాయాలి, వచ్చినవాళ్ళకి నవ్వు ముఖం పెట్టాలి. ఆ పేటలో ఏ షాపు చూసినా అదే ఆచారం, ఆడపిల్ల ముందు, మగపిల్లవాడు వెనక, మేమంతా అద్దాల వెనక పెట్టిన సరుకులాగే ఉండేవాళ్ళం.

బల్ల దగ్గర రాజ్యం చిన్నాయన బావమరిదిది, అంటే చిన్నమ్మ తమ్ముడిది. వరసకి నాకు మామ. చెయ్యి తిరిగిన మనిషే, ఆ మాట కాదనను, కానీ తనకి తెలిసింది ఇంకొకరికి తెలిస్తే తన ఎత్తు తగ్గిపోతుందని నమ్మే రకం. నేను అడ్డు దాటి ఒక అడుగు వేస్తే చాలు, "గాజులు తగిలితే షార్టయిపోతాది పాపా, ఆ పక్కకి పో" అనేవాడు. ఆయన చేతికి ఇంత లావు రాగి కడియం, మూడు వేళ్ళకి ఉంగరాలు. అవి తగిలితే ఏమవుతుంది మామా అని ఒకసారి అడిగితే, మగవాళ్ళ చెయ్యి వేరేలే అన్నాడు. కరెంటు కూడా ఆడా మగా చూసి పారుతుందని ఆ రోజే తెలుసుకున్నాను! మర్నాడు గాజులు తీసేసి వెళ్ళాను, ఆ సంగతికి ఇంట్లో ఇంకో యుద్ధం.

కాఫీ ఇచ్చే నెపంతో, బిల్లులో సరుకు పేరు సరిచూసే నెపంతో నిలబడి నిలబడి నేర్చుకున్నాను. అన్నిట్లోకీ నన్ను భయపెట్టింది పాత మెషీన్లకి కరెంటు ఇచ్చే రెండు కనెక్టర్లు. మిగతావి చాలావరకు గాటు పెట్టుకుని తప్పు చేయనివ్వకుండా ఆపుతాయా, ఇవి రెండూ మాత్రం పక్కపక్కన కూర్చుని, అటుది ఇటు పెట్టినా చక్కగా దూరిపోతాయి. దూరాక స్విచ్చి వేస్తే బోర్డు పొగైపోతుంది. రెండిటి నల్ల తీగలూ మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి, అంతే సూత్రం. నాకు దాన్ని ఎవరూ చెప్పలేదు. మామ పెడుతున్నప్పుడు పెదాలు కదిలించేవాడు, నల్లా నల్లా అని లోపల అనుకునేవాడు, ఆ పెదాలు చూసి పట్టుకున్నాను.

దసరా ముందు ఆర్డర్లు ముంచెత్తాయి. ఆ ఏడు దొడ్డబళ్ళాపురం నుంచి ఒక మగ్గాల యజమాని వచ్చాడు, మన తెలుగాయనే, పట్టుచీరల డిజైన్లు కంప్యూటరులో వేయించాలని ఆయన ఆశ, విజయదశమి రోజు మెషీను ఇంటికి తీసుకుపోవాలని పట్టు. మామ చేతిలో అప్పటికే ఊపిరి సలపనంత పని. నేను చేస్తాను చిన్నాయనా అన్నాను. అడగడం అది ఎన్నోసారో, ఆయన విసుగుపడి చివరికి ఒప్పుకున్నాడు. "సరే, ఇది సక్రమంగా నడిస్తే బల్ల కాడ కుర్చీ నీదే. నడవకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తేది లేదు." చిన్నమ్మ, మామ, షాపులో ఉన్నవాళ్ళు అందరూ విన్నారు ఆ మాట.

ఆ మెషీను నేను కట్టినట్టు ఇప్పటికి ఇంకేదీ కట్టలేదేమో. బోర్డు కింద ఇత్తడి కాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో బిగించి, రిబ్బన్ కేబులు ఎర్ర అంచు ఒకటో పిన్ను వైపు ఉందో లేదో చూసి మళ్ళీ చూసి, తీగలన్నీ జడ అల్లినట్టు పక్కకి కట్టేశాను. ఒక్క మెమరీ మాత్రం మిగిలింది. మెమరీ అంటే అప్పుడు బంగారంతో సమానం, బీరువా తాళం మామ దగ్గర, విజయదశమి పొద్దున నేనే వేస్తానన్నాడు. సరేనని మూత తీసే ఉంచి ఇంటికెళ్ళాను. మెమరీ స్లాటులు రెండూ నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి.

ఆయుధపూజ అంటే బెంగళూరు పేటలో ఎలా ఉంటుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు. స్క్రూడ్రైవరు నుంచి స్కూటరు దాకా అన్నిటికీ బొట్లు, అరటి పిలకలు, చేమంతులు, గడప ముందు బూడిద గుమ్మడికాయ, అందరికీ బొరుగులూ బెల్లమూ. పూజ చేసేది చిన్నాయన తల్లి, నేను అవ్వా అనేదాన్ని. పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపూ కుంకుమా అక్షింతలూ పట్టుకుని బల్ల వెంట నడుస్తూ, ఇది ఎవరు చేసింది అని ప్రతి మెషీను దగ్గరా అడిగింది. నా దాని దగ్గరికి వచ్చేసరికి నేనే అవ్వా అన్నాను. అవ్వ ముఖం వెలిగిపోయింది. మా వంశంలో ఆడపిల్ల చేత్తో ఇంత పని అయ్యిందని చెంపలు నిమిరి, తీర్థం చిలకరించింది. ఆ తర్వాత మొక్కడానికి నేను కళ్ళు మూసుకున్నాను. అక్కడితో నాకు కనిపించింది అంతే.

మర్నాడు విజయదశమి. మగ్గాల ఆయన భార్యని, టెంకాయని, స్వీటు డబ్బాని వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మామ బీరువా తెరిచి మెమరీ తెచ్చి, నన్ను పక్కకి జరగమని, తనే స్లాటులో నొక్కి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం వెలగలేదు. మెమరీ దొరకనప్పుడు బోర్డు పెట్టే కూత మొదలైంది, ఆగి ఆగి, పొడుగ్గా, పాలకేడ్చే పిల్లలా. మళ్ళీ ఆపి వేశాడు, అదే కూత. అందరూ నా వైపు చూశారు.

"నేను చెప్పలే బావా?" అన్నాడు మామ చిన్నాయనతో, ఆ వచ్చినవాళ్ళకి వినపడేలాగా. "ఆడపిల్ల చెయ్యి పెట్టినాక బోర్డు ఉండాదా, పోయుండాదా అని చూసుకోవాల్సిందే. కౌంటరులో కూర్చోబెట్టండి, సుమ్మనే, ఊరికే ఈ ఆట ఏంటికి?"

మగ్గాల ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన భార్య స్వీటు డబ్బా మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ సంచి చూశాక నాకు భయం పోయి కోపం వచ్చింది. ఎవరినీ అడగలేదు. టార్చి తీసుకుని, మెమరీ ఊడబెరికి, స్లాటులోకి వెలుతురు వేసి చూశాను. బంగారు రంగులో మెరవాల్సిన పిన్నుల వరస ఎర్రగా ఉంది. తీర్థంతో తడిసి ఆరిన కుంకుమ, దాని నడుమ పచ్చటి అక్షింత గింజ ఒకటి. తలెత్తితే మామ చేతిరుమాలు కనిపించింది, దాని అంచు కూడా ఎరుపే. అంటే పొద్దున ఆయన చూశాడు. పైపైన తుడిచాడు. లోపల ఉంటుందని తెలుసు, తెలిసి నా చెయ్యి మీద తోశాడు. ఎందుకంటే కుంకుమ ఎవరిదో చెప్పాలంటే అక్క అత్తగారిని అనాలి, అక్క కాపురం ఉన్న ఇంట్లో అన్నం తింటూ ఆ మాట అనే దమ్ము ఆయనకి లేదు. నన్ను అనడానికి దమ్ము అక్కర్లేదు కదా!

నేను అన్నాను. స్లాటులో కుంకుమ ఉందని, నా పనిలో తప్పు లేదని, ఆ సంగతి మామకి పొద్దుటే తెలుసని, ఆ రుమాలు చూడండని, అందరి ముందూ, గొంతు తగ్గించకుండా అన్నాను. చిన్నాయన లేచి నిలబడ్డాడు, నోరు ముయ్యి అని. పండగ పూట, పెద్దావిడ పూజకి తప్పు పడతావా అని. చిన్నమ్మ తల దించుకుంది. అప్పుడు మూలన కుర్చీలో బొరుగులు తింటున్న అవ్వ లేచి వచ్చి, టార్చి నా చేతిలోంచి తీసుకుని, వంగి, ఆ స్లాటులోకి తను కూడా చూసింది.

"నేను పెట్టినదే అప్పా అది," అంది మామ వైపు తిరిగి. "నోరు తెరుచుకోనుండాది. నా మనవరాలు చేసింది కదా అని రవ్వంత ఎక్కువే పెట్టినా. నోట్లో పెట్టకూడదని నాకేమి తెలుసు? తెలిసినోడు నువ్వు, నువ్వు చెప్పలే. ఆ పిల్లనేంటికి అంటారు?"

మామ కడియం సర్దుకున్నాడు, ఇంకేం చేస్తాడు? మగ్గాల ఆయన భార్య పకపకా నవ్వేసింది. కొత్త టూత్‌బ్రష్షు తెప్పించి స్లాటుని పన్ను పన్నూ తోమాను, సూదితో గింజని లేపాను, మెమరీ అంచుని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది మెరిపించాను, గాటు చూసుకుని, రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కాను. క్లిప్పులు రెండూ ఒక్కసారిగా టక్కుమన్నాయి. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఎంత చెప్పినా తెలియదు. స్విచ్చి వేస్తే ఒకే ఒక్క చిన్న కూత, వెంటనే తెర మీద తెల్లటి అక్షరాలు. స్వీటు డబ్బా సంచిలోంచి బయటికొచ్చింది, ముందు నాకే పెట్టారు.

ఇక్కడితో ఆగితే ఇది మంచి కథ అయ్యేది. ఆగలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక చిన్నాయన నన్ను పిలిచి, పని నీకు వచ్చు, కాదనను, కానీ గిరాకీ ముందు ఇంట్లోవాళ్ళ పరువు తీసే పిల్లని బల్ల దగ్గర పెట్టుకోలేను, రేపటి నుంచి కౌంటరే చూసుకో అన్నాడు. మెషీను నడిస్తే కుర్చీ నాదన్న మాట ఏమైందంటే, ఆ రోజు మెషీను సంగతి చెప్పాను, నోటి సంగతి చెప్పలేదు కదా అన్నాడు. పరువు తీసింది నేనట! తెలిసి దాచినవాడి పరువు భద్రం, ఆయన కుర్చీ భద్రం. అవ్వ తప్పు ఒప్పుకుంది, ఎవరూ ఆవిడని ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా, ప్రేమతో పెట్టిన కుంకుమ అది. మరి శిక్ష ఎవరో ఒకరికి పడాలి కదా, నాకు పడింది. బిల్లు పుస్తకం అక్కడే బల్ల మీద పడేసి, నా స్క్రూడ్రైవరు మాత్రం సంచిలో వేసుకుని వచ్చేశాను. మా నాయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్న శిక్షణ కేంద్రంలో హార్డ్‌వేరు పాఠాలు చెప్పాను, ఏళ్ళ తరబడి చెప్పాను, ఆడపిల్లలని ముందు వరసలో కూర్చోబెట్టి గాజులతోనే స్క్రూలు విప్పించాను, ఒక్క బోర్డు కూడా కాలలేదు. అవ్వ మాత్రం ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ, ఆయుధపూజ నాడు పళ్ళెం పట్టుకుని గడపలోనే నిలబడి, మూతలు మూసినారా అప్పా అని అడిగి గానీ లోపలికి అడుగు పెట్టేది కాదట. ఆ షాపులో ఆ రోజు నుంచి ఏదైనా నేర్చుకున్న మనిషి ఉందంటే అది ఆవిడ ఒక్కతే.

ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. అయితే మొన్న ఆ సర్వీసు సెంటరులో ఇంకొకటి జరిగింది. నేను లేచి వచ్చేస్తుంటే ఆ అనంతపురం అమ్మాయి తలుపు దాకా వచ్చి, మెల్లగా అడిగింది.

"మేడమ్, మీరు నిజంగా మీ చేత్తో విప్పేవారా? నేను ఇంజనీరింగు చేశాను. ఇక్కడ చేరి రెండేళ్ళయింది. ఒక్కదాన్ని కూడా విప్పి చూడలేదు మేడమ్."

ఆ పిల్లని నేనేం అంటాను? కౌంటరులోంచి బల్ల దగ్గరికి వెళ్ళడానికి నేను పోట్లాడాను, నన్ను ఆపడానికి ఒక మామ అయినా ఉండేవాడు, ఎదురుగా ఒక ముఖం ఉండేది, తిట్టడానికి ఒక పేరు ఉండేది. ఈ పిల్ల ఎవరితో పోట్లాడుతుంది? ఆడా మగా అని తేడా లేదిప్పుడు, ఆ ఒక్కటీ బాగుపడింది, అందరూ కౌంటరులోనే. అసలు బల్లే తీసేశారు. నాకు శిక్షగా పడిన కుర్చీ ఇప్పుడు అందరికీ ఉద్యోగమైంది. నా ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఆ పిల్ల చేతిలో పెట్టాను, ఆదివారం ఇంటికి రా, మంచం కింద పాత కంప్యూటరు క్యాబినెట్టు ఒకటుంది, నీ చేత్తో విప్పుదువు గాని అన్నాను. వస్తుందో రాదో.

మెమరీ వేయించుకోకుండానే తెచ్చుకున్న ఈ ల్యాప్‌టాప్ మీదే ఇదంతా టైపు చేస్తున్నాను. పోయిన ఆయుధపూజకి దీనికి కూడా కుంకుమ పెట్టబోయాను. ఎటు తిప్పినా నున్నటి రేకు, ఒక్క గాటు లేదు, వేలు దూరే సందు లేదు, మూత మీద పెట్టిన బొట్టు ఆరగానే రాలిపోయింది. అవ్వ ఉండుంటే దీన్ని చేతిలోకి తీసుకుని, ముందూ వెనకా తిప్పి చూసి, నా ముఖంలోకి చూసి అడిగేది: దీనికి యాడ పెట్టేది పాపా?